బొగ్గుబావి ఊరి బంతి జట్టు – గని సంఘములు తెలిసికొనదగిన ఒక చరిత్ర



ఈ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల నిర్మాణమును గూర్చియు, దైవజనుల సేవను గూర్చియు, పాఠశాలలు, ఆసుపత్రులను గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. అది ఎంతయు తగియున్నది. అయితే మనలో అనేకులము గని ప్రాంతపు సంఘస్థులము. గోదావరిఖని, రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెము, ఇల్లెందు – ఈ ఊళ్లలో మన కుటుంబములు బాయి పని మీద ఆధారపడి బ్రదికినవి. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మన యవ్వనస్థులు ఎక్కడికి పోవుచున్నారని అడిగినచో, ఆట స్థలమునకు అని ఎవరైనను చెప్పగలరు. కనుక ఆటను గూర్చి, విశేషముగా బొగ్గు గని ఊరి ఫుట్‌బాల్ జట్టును గూర్చి, ఒక వ్యాసము ఈ సంచికలో ఉండుట మంచిదని తలంచినాను.

ఇందుకు నేను ఎన్నుకొన్న ఊరు మన దేశములోనిది కాదు. ఇంగ్లండు ఉత్తర భాగమున డర్హమ్ జిల్లాలోని వెస్ట్ ఆక్లండ్ అను చిన్న గని గ్రామము. అయినను ఆ ఊరి కథ చదివిన మన గనివారికి అది పరాయి ఊరి కథగా తోచదు.

ఆట సంఘముల నుండి వచ్చినది

మొదట ఒక సంగతి చెప్పవలెను. నేడు కోట్ల రూపాయలతో నడుచుచున్న ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బులలో అనేకము దేవాలయముల ముంగిట పుట్టినవి. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విల్లా క్లబ్బును 1874లో ఒక వెస్లియన్ మెథడిస్టు చాపెల్ యవ్వనస్థులు మొదలుపెట్టినారు. మన కరీంనగరము, మెదకు ప్రాంతములకు సువార్త తెచ్చిన వారు ఆ వెస్లియన్ సంఘమువారే గదా! లివర్‌పూల్‌లోని ఎవర్టన్ 1878లో సెయింట్ డొమింగో మెథడిస్టు చాపెల్ జట్టుగా ఆరంభమైనది. సౌతాంప్టన్ క్లబ్బు 1885లో సెయింట్ మేరీస్ దేవాలయపు యవ్వనస్థుల జట్టు.

మాంచెస్టరు నగరములో వెస్ట్ గోర్టన్ అను పేట ఉండెను. అక్కడ నిరుద్యోగము, త్రాగుడు, యువకుల ముఠాల కొట్లాటలు మిక్కుటముగా ఉండెను. సెయింట్ మార్క్స్ దేవాలయపు గురువుగారి కుమార్తె ఆనా కానెల్ గారు పనివారి కొరకు కూడికలు ప్రారంభించినారు. ఆ సంఘ పెద్దలు 1880లో ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టినారు. నేటి మాంచెస్టరు సిటీ క్లబ్బునకు మూలము అదే. యార్క్‌షైరు బొగ్గు ప్రాంతములోని బార్న్‌స్లీలో టివర్టన్ ప్రీడీ అను యువ గురువు 1887లో సెయింట్ పీటర్స్ దేవాలయము పేరున జట్టు కట్టినారు. ఆ జట్టే 1912లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పు గెలిచినది.

ఈ గురువులకు ఆట మీద మోజు మాత్రమే కారణము కాదు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము వలన బట్టల మిల్లుల పనివారికి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు పని ముగియసాగినది. పోను పోను ఇతర పనులవారికిని ఆ పూట సెలవు దొరికినది. ఆ ఖాళీ పూటను సారా దుకాణము ఆక్రమించునా, ఆట స్థలము ఆక్రమించునా అన్నదే వారి ఎదుట ఉన్న ప్రశ్న. మన కాలనీలలో జీతపు దినమున ఏమి జరుగునో చూచినవారికి ఆ ప్రశ్న యొక్క బరువు తెలియును.

డర్హమ్ బొగ్గు నేల

ఆ క్లబ్బులలో కొన్ని నగరములలో పెరిగి, 1888లో పండ్రెండు క్లబ్బులతో స్థాపింపబడిన ఫుట్‌బాల్ లీగులో చేరి, జీతగాండ్ర జట్లయినవి. ఆ లీగుకు వెలుపల మిగిలినవి వేలకొలది చిన్న జట్లు. వాటిని ఆ దేశములో నాన్-లీగ్ క్లబ్బులందురు. ఆటగాండ్రు పగలు పనికి పోయి, తీరికవేళ ఆడుదురు. అటువంటి జట్లకు పెట్టినది పేరు డర్హమ్ గని ఊళ్లు.

డర్హమ్ బిషప్పుగారి నివాసము తరతరములుగా వెస్ట్ ఆక్లండ్‌కు దగ్గరనే, బిషప్ ఆక్లండ్ పట్టణములోని ఆక్లండ్ కోటలో ఉండెను. 1892లో డర్హమ్ గనులలో కూలి తగ్గింపు విషయమై దాదాపు మూడు నెలలు పని నిలిచిపోయి కార్మికుల ఇండ్లలో ఆకలి ప్రబలినప్పుడు, బిషప్ వెస్ట్‌కాట్ గారు యజమానులను, కార్మిక నాయకులను తన ఇంటికి పిలిపించినారు. జూన్ 1వ తేదీన ఆ ఇంటిలోనే రాజీ కుదిరి గనులు తెరువబడినవి. గ్రీకు నూతన నిబంధన పరిష్కర్తగా వేదపాఠశాల విద్యార్థులకు తెలిసిన వెస్ట్‌కాట్ గారు ఈయనే. ఈయన కుమారుడు ఫాస్ వెస్ట్‌కాట్ గారు 1919 నుండి 1945 వరకు కలకత్తా బిషప్పుగా, ఇండియా మెట్రోపాలిటన్‌గా ఉండెను. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలములో ఆయన పైనున్న మెట్రోపాలిటన్ వీరే. తండ్రి వెస్ట్‌కాట్ గారు 1901 జూలైలో డర్హమ్ కెథడ్రల్‌లో గని కార్మికుల ఆరాధనలో ప్రసంగించి, కొద్ది దినములకే ప్రభువునందు నిద్రించినారు.

ఇటువంటి నేలలో వెస్ట్ ఆక్లండ్ జట్టు 1893లో పుట్టినది. దినమంతయు బొగ్గు తవ్వి, ముఖము కడుగుకొని మైదానమునకు వచ్చువారు అందులో ఎక్కువమంది.

టీ వర్తకుని కప్పు

సర్ థామస్ లిప్టన్ అను పేరు మన ఇండ్లలో టీ పొట్లము మీద చూచినదే. గ్లాస్గో పట్టణములో బీద కుటుంబమున పుట్టి, సింహళములో తేయాకు తోటలు కొని, గొప్ప ధనికుడైనవాడు. ఇటలీ దేశము ఆయనకు గౌరవ బిరుదు ఇచ్చియుండెను. ఆయన వెండి కప్పు నొకదానిని ఇచ్చి 1909లో ఇటలీలోని టూరిన్ నగరములో అంతర్జాతీయ పోటీ పెట్టించినాడు. ఇటలీ, జర్మనీ, స్విట్జర్లాండు దేశముల నుండి పేరుగల జట్లు వచ్చినవి. ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ మాత్రము జట్టును పంపుటకు ఒప్పుకొనలేదు. అప్పుడు పిలుపు అందినది వెస్ట్ ఆక్లండ్‌కు.

ఇంత చిన్న ఊరికి ఆ పిలుపు ఎట్లు వచ్చినదన్న దానికి ఒక కథ ప్రచారములో ఉన్నది. డబ్ల్యూ, ఏ అను రెండు అక్షరములు చూచి, ఊల్విచ్ ఆర్సెనల్ అను పెద్ద క్లబ్బునకు పోవలసిన ఉత్తరము పొరపాటున ఈ ఊరికి వచ్చినదని చెప్పుకొందురు. దీనికి ఋజువు లేదు. ప్రయాణపు ఖర్చుల కొరకు ఆటగాండ్రు ఇంటి సామాను తాకట్టు పెట్టినారనియు ఆ ఊరివారు చెప్పుదురు. కూలి దినములు పోగొట్టుకొని, సొంత ఖర్చుతో సముద్రము దాటి పోయినారనుట మాత్రము నిజము.

పోయినవారు ఊరకే తిరిగి రాలేదు. మొదటి ఆటలో జర్మనీ స్టుట్‌గార్ట్ జట్టును 2-0 తో ఓడించినారు. 1909 ఏప్రిల్ 12న, అనగా ఈస్టరు పండుగ మరునాడు, ఫైనలులో స్విట్జర్లాండు వింటర్‌టూర్ జట్టును మరల 2-0 తో ఓడించి కప్పు తెచ్చినారు. రెండేండ్లకు ఆ కప్పును నిలుపుకొనుటకు తిరిగి పోయినారు. ఈసారి జూరిక్ జట్టును 2-0 తో గెలిచి, 1911 ఏప్రిల్ 17న, అదియు ఈస్టరు మరునాడే, ఫైనలులో జువెంటస్ జట్టును 6-1 తో ఓడించినారు. నేడు ప్రపంచమంతట పేరు మ్రోగుచున్న జువెంటస్ క్లబ్బే అది. వరుసగా రెండుసార్లు గెలిచినందున కప్పు శాశ్వతముగా వెస్ట్ ఆక్లండ్‌కు దక్కినది.

దేశముల ప్రపంచ కప్పు 1930లో ఉరుగ్వేలో మొదలైనది. దానికి ఇరువది యొక్క సంవత్సరములకు ముందే మేము ప్రపంచ కప్పు గెలిచితిమని ఆ గని గ్రామస్థులు నేటికిని చెప్పుకొందురు. అధికారికముగా అది ప్రపంచ కప్పు కాదు. అయినను వారి గర్వమును ఎవరు తప్పుపట్టగలరు?

తాకట్టు పడిన కప్పు

ఈ చరిత్రలో నా దృష్టికి అన్నిటికంటె ముఖ్యమైన భాగము ఇక వచ్చుచున్నది.

కప్పు వచ్చినది గాని చేతిలో పైసా లేదు. ప్రయాణముల వలన క్లబ్బు అప్పులలో కూరుకొనిపోయినది. చివరకు ఆ వెండి కప్పునే ఊరిలోని వీట్‌షీఫ్ అను హోటలు యజమానురాలి వద్ద 40 పౌన్లకు తాకట్టు పెట్టవలసి వచ్చినది. జువెంటస్‌ను ఆరు గోలులతో ఓడించిన జట్టు నలభై పౌన్లు తీర్చలేకపోయినది. నడుమ రెండు ప్రపంచ యుద్ధములు గడచినవి. గని ఊళ్లు నిరుద్యోగమును, ఆకలిని చూచినవి. కప్పు గెలిచినవారిలో పలువురు ముసలివారైరి. అర్ధ శతాబ్దము గడచిన తరువాత, 1960లో, 100 పౌన్లు పోగుచేసి ఇచ్చి ఆ కప్పును తిరిగి ఊరికి తెచ్చుకొన్నారు.

ఆ యాభై ఏండ్లు క్లబ్బు చేతిలో కప్పు లేదు, కాని క్లబ్బు ఉన్నది. ప్రతి శనివారము పదునొకండుగురు మైదానములో దిగుచునే ఉన్నారు. గీతలు గీయువారు గీసినారు, బట్టలు ఉతుకువారు ఉతికినారు, తలుపు వద్ద చిల్లర వసూలు చేయువారు చేసినారు. కప్పు తిరిగి వచ్చిన మరు సంవత్సరమే, 1961లో, ఈ ఊరి జట్టు లండనులోని వెంబ్లీ స్టేడియములో ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్పు ఫైనలు ఆడి, వాల్తంస్టో ఎవెన్యూ జట్టు చేతిలో 2-1 తో ఓడినది.

1994 జనవరిలో ఇంకొక దెబ్బ తగిలినది. ఊరి కార్మికుల క్లబ్బులో ఉంచిన కప్పును దొంగలు ఎత్తుకొనిపోయినారు. అది మరల దొరకలేదు. అచ్చముగా అటువంటిదే మరియొకటి చేయించి ఉంచినారు.

గని పోయినది, జట్టు నిలిచినది

వెస్ట్ ఆక్లండ్ బొగ్గు గని 1960వ దశకములో మూతపడినది. ఒకనాడు లక్షమందికి పైగా పనిచేసిన డర్హమ్ బొగ్గు క్షేత్రములో 1990వ దశకము మధ్య నాటికి లోతు గని ఒక్కటియు మిగులలేదు. రైలు పట్టాలు పీకివేసినారు, గని గోపురములు కూల్చివేసినారు. అనేక గ్రామములలో అంగళ్లును, చాపెళ్లును మూతపడినవి.

వెస్ట్ ఆక్లండ్ క్లబ్బు మాత్రము మూతపడలేదు. 1909 విజయమునకు నూరేండ్లు నిండిన సందర్భమున 2009లో టూరిన్‌కు పోయి జువెంటస్ యువ జట్టుతో ఆడినారు. 2012లోను, 2014లోను చిన్న క్లబ్బుల కొరకైన ఎఫ్.ఏ. వాజ్ పోటీ ఫైనలుకు చేరి, రెండుసార్లును వెంబ్లీలో ఓడినారు. 2013లో ఆ పాత విజయమునకు గురుతుగా ఊరి పచ్చిక బయలులో విగ్రహము నిలిపినారు.

గని యజమానులు ఆ జట్టును పోషించియుండిన యెడల గనితో పాటు జట్టు పోయెడిది. కప్పు మీద ఆధారపడి యుండిన యెడల కప్పు తాకట్టు పడిననాడే పోయెడిది. సామాన్యుల చందాలు, సామాన్యుల చాకిరి దానిని నిలిపినవి. ఇదియే ఆ ఊరి నుండి మనము నేర్వవలసిన పాఠము.

ఆడపిల్లలను గూర్చి ఒక మాట. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఆ ఈశాన్య బొగ్గు ప్రాంతములో మందుగుండు కర్మాగారములలోను, రేవులలోను పనిచేసిన యువతులు జట్లు కట్టి ఆడినారు. 1918లో బ్లిత్ స్పార్టన్స్ మహిళల జట్టు వారి కప్పు గెలిచినది. ఆ ఫైనలులో మూడు గోలులు కొట్టిన బెల్లా రే ఒక గని కార్మికుని కుమార్తె. వేలాది జనము చూడవచ్చిన ఆ ఆటను 1921లో ఫుట్‌బాల్ అసోసియేషన్ తన మైదానములలో నిషేధించి, సుమారు యాభై ఏండ్లు ఆ నిషేధమును తొలగింపలేదు. మంచి సంగతిని పాడుచేయుటకు పెద్దల తీర్మానము ఒక్కటి చాలునని దీనివలన తెలియుచున్నది.

మన నేల మీద

ఇక మన ప్రాంతమునకు వత్తము. డాక్టర్ విలియం కింగ్ గారు ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్నది 1871లో. డర్హమ్ గని కార్మికులు తమ పెద్ద వార్షిక సభను మొదటిసారి జరుపుకొన్నదియు ఆ సంవత్సరమే. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కు పొంది 1889లో బొగ్గు తీయుట ఆరంభించినది. దోర్నకల్ నుండి ఇల్లెందుకు రైలు మార్గము పడినది బొగ్గు కొరకే. ఆ దోర్నకల్ కేంద్రముగా 1912లో బిషప్ అజరయ్య గారు అభిషిక్తులైరి. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. గోదావరి ఒడ్డున 1960వ దశకపు ఆరంభములో గనులు తెరువబడి, ఊరికి గోదావరిఖని అను పేరే స్థిరపడినది.

బంతి ఆట మన నేలకు ముఖ్యముగా సికింద్రాబాదు దండు నుండియు, రైల్వేవారి నుండియు, మిషను పాఠశాలల నుండియు వచ్చినది. 1920లో హ్యారీ బక్ గారు మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. శారీరక విద్యా కళాశాలలో తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణ దేశమంతట ఈ ఆటను నేర్పినారు. అజరయ్య గారును దోర్నకల్‌కు రాకమునుపు వై.ఎం.సి.ఏ. కార్యదర్శియే.

హైదరాబాదు ఆటగాండ్ర కీర్తి మన పిల్లలు తెలిసికొనవలెను. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు తర్ఫీదు ఇచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1951, 1962 ఏషియన్ క్రీడలలో బంగారు పతకము పొందినది. హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ గారును, సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ గ్రామములో బీద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం గారును ఆ 1962 జట్టులోనివారే. చిన్న ఊళ్ల మైదానముల నుండి ఎంత దూరము పోవచ్చునో వీరు చూపించినారు. మన కాలములో నిజామాబాదు జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టులో ఆడినది.

మన ఖని సంగతి

మన గని ఊళ్లలో ఆట స్థలములకు కొదువ లేదు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము, కొత్తగూడెములో ప్రకాశం స్టేడియము, బెల్లంపల్లిలో తిలక్ స్టేడియము ఉన్నవి. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరున కంపెనీవారు ఏటేట ఏరియాల వారీగా పోటీలు నడిపించి, గెలిచినవారిని కోల్ ఇండియా పోటీలకు పంపుచున్నారు. ఫస్ట్ షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుగుకొని మైదానమునకు పోవు కార్మికుడు వెస్ట్ ఆక్లండ్ ఆటగాని తమ్ముడే అనవచ్చును. ఇందుకు మనము కంపెనీకి కృతజ్ఞులము.

అయితే ఇవన్నియు కంపెనీ ఇచ్చినవి. 1990వ దశకపు ఆరంభములో సింగరేణిలో లక్షకు పైబడి ఉద్యోగులుండిరి. నేడు దాదాపు నలభై వేలమంది ఉన్నారు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తు పని పోయి యంత్రములు వచ్చినవి. బెల్లంపల్లిలో పాత గనులు అనేకము మూతపడి, ఏరియా కార్యాలయము గోలేటికి పోయినది. మన రామగుండములోనే 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, క్రొత్త కంపెనీ 2021లో తెరచువరకు ఆ కాలనీ వెలవెలబోయిన సంగతి మనమందరము ఎరుగుదుము. బొగ్గు తరుగు సంపద. ఏ గనికైనను ఒక చివరి షిఫ్టు ఉండును. ఆ తరువాత ఊరిలో ఏమి మిగులును? మనము సొంతముగా కట్టుకొన్నది మాత్రమే మిగులును.

సంఘము చేయదగినది

ఇందుకు గొప్ప ధనము అక్కరలేదు. ప్రతి పాస్టరేటులో యవ్వనస్థుల సమాజము ఒక జట్టును కట్టి, కులము, మతము, కంపెనీ ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు అను భేదము లేక పేటలోని పిల్లలందరిని చేర్చుకొనవచ్చును. సండే స్కూలు బాలికలకు ప్రత్యేకముగా ఒక బంతి, ఒక వేళ ఏర్పరచవచ్చును. నెలకు పది రూపాయల చందాతో, ఒక లెక్కల పుస్తకముతో పని మొదలగును. రిటైరైన పాత ఆటగాండ్రు మన సంఘములలోను, ఇరుగు పొరుగు క్వార్టర్లలోను ఉన్నారు. వారు జీవించియుండగానే వారి వద్ద కూర్చుండి, ఏ సంవత్సరము ఏ గని జట్టు ఎవరిని గెలిచినదో వ్రాసి, పాత ఛాయాపటములతో సహా సంఘపు రికార్డులలో భద్రపరచవలెను. వెస్ట్ ఆక్లండ్ కథ మనవరకు వచ్చినదంటే, ఆ ఊరివారు దానిని మరువక చెప్పుకొనుచుండుటయే కారణము.

ఆటలు సంఘమునకు తగవని తలంచువారు కొందరు ఉండవచ్చును. ఆరాధన వేళను ఆటకు ఇయ్యరాదన్న మాట నిజమే. అయితే పౌలు అపొస్తలుడు విశ్వాస జీవితమును పందెపు రంగములోని పరుగుతో పోల్చుటకు వెనుదీయలేదు. పాడుపడిన యెరూషలేము తిరిగి కట్టబడిన దినమును వర్ణించుచు జెకర్యా ప్రవక్త చూపించిన గురుతులలో ఒకటి వీధులలో ఆడుకొను బాలురు, బాలికలు. అదే చోట కఱ్ఱ చేతపట్టుకొని కూర్చున్న వృద్ధులను కూడ ఆయన చూపించినాడు. ఆడువారును, చూచువారును ఉన్న ఊరే బ్రదికిన ఊరు.

మన అధ్యక్ష ఖండము రెండవ శతాబ్దములో అడుగిడుచున్న ఈ శుభ సమయమున, గనులు ఉన్నను లేకున్నను మన పేటలలో పిల్లల ఆట ధ్వని ఆగిపోకుండునట్లు ప్రభువు మనకు మనస్సును, ఐక్యతను దయచేయును గాక. ఆమేన్.